మూయని చుట్టు

ఐలేశం చేతికి మొదట అలవాటైంది కాగితం కాదు, అలికిన నేల.

వాళ్లది చిట్యాలకు రెండు కోసుల దూరంలోని ముత్యాలకుంట. తండ్రి కాటమయ్య గొర్రెలు కాసే కురుమల దేవుడు బీరప్పకు పూజారి. పండుగనాడు దేవుడి ముందు నేల మీద పట్నం అనే రంగుల ముగ్గు వేసేది ఆయనే. తెల్లపిండి, పసుపు, కుంకుమ, ఎండబెట్టి నూరిన చిక్కుడాకు పొడి, కాల్చిన ఊక మసి ముందు పెట్టుకుని, తాడు లేకుండా, కొలబద్ద లేకుండా, చిటికెలతో వదులుతూ పోయేవాడు. నడుమ దేవుడి గద్దె, దాని చుట్టూ అరలు, అన్నిటినీ కలుపుకుంటూ బయట ఒక పెద్ద చుట్టు గీత. ఆ చుట్టును మొదలుపెట్టిన చెయ్యే మూయాలి. మూసేదాకా గీసేవాడు లేవకూడదు, నీళ్లు తాగకూడదు. తెరిచి వదిలేస్తే ఆ సందులోంచి గీసినవాడి ఇంట్లోది ఏదో ఒకటి నడిచి పోతుందని వాళ్ల నమ్మకం. గొర్రె పోవచ్చు, మనిషి పోవచ్చు. తెల్లవారి బీరప్ప కథ అయిపోయి డోలు ఆగాక, అంత పట్నాన్నీ పూజారే కాళ్లతో తొక్కి చెరిపేస్తాడు. దాన్ని దాచుకోవడమంటూ ఉండదు.

తండ్రి పక్కన కూచుని ఐలేశం ఆ చేతిపని నేర్చుకున్నాడు. చిట్యాల బడిలో ఏడో తరగతి దాకా చదివాడు. మంద వెంట పోవడానికి మాత్రం మనసొప్పలేదు. ఎడ్లబండ్ల పక్కచెక్కల మీద ఆసాముల పేర్లు, కిరాణా దుకాణాల మీద బోర్డులు రాస్తూ తిరిగేవాడు. తెలుగు రాసేవాడు, ఉర్దూ రాసేవాడు. అక్షరానికీ అక్షరానికీ మధ్య ఎడం ఎప్పుడూ తప్పేది కాదు. పెళ్లయింది. భార్య గోపమ్మది అవతలి ఊరు, వాళ్లూ కురుమలే. మొదటి కొడుకు నెల తిరక్కుండానే పోయాడు. రెండోది ఆడపిల్ల, పుట్టినప్పుడే ఏడవలేదు.

పందొమ్మిది వందల యాభై ఏడు చివర, చలికాలం మొదట్లో, ఊరికి తూర్పున రాకాసి గుళ్ల దగ్గర సర్కారు డేరాలు లేచాయి. పేరుకు గుళ్లే కానీ అక్కడ గోడ లేదు, గోపురం లేదు. మనిషి నడుము ఎత్తు బండరాళ్లు గుండ్రంగా పేర్చి ఉంటాయి. లోపల ఏముందో ఎవరూ చూసిన పాపాన పోలేదు. గొర్రెల కాపరులు పగలు వాటి పక్క నుంచి పోతారు తప్ప లోపల కాలు పెట్టరు. కడుపుతో ఉన్న ఆడవాళ్లయితే ఆ దారే తొక్కరు. పెద్ద రోడ్డును వెడల్పు చేయడానికి కంకర కావాలి కాబట్టి ఆ రాళ్లను కంట్రాక్టరుకు రాసిచ్చారు. పగలగొట్టేలోపు తవ్వి, కొలిచి, నక్షలు గీసుకోవాలని తవ్వకాల ఆఫీసరు మనుషులను తెచ్చాడు.

డేరాల ముందు పెట్టే బోర్డు రాయడానికి ఐలేశాన్ని పిలిపించారు. గీత పెట్టుకోకుండా తిన్నగా అక్షరాలు రాస్తున్నవాడిని ఆఫీసరు వెనక నిలబడి చూశాడు. ఆయన సర్కారు జిల్లాల మనిషి. "నక్షలు గీయడం నేర్చుకుంటావుటయ్యా?" అని అడిగాడు. ఈ సీజను పని నేర్చుకోవాలి. నచ్చితే డ్రాఫ్ట్స్‌మన్ కింద ఖాయం చేస్తారు. నచ్చకపోతే ఎవరి దారి వాళ్లది. నచ్చడం నచ్చకపోవడం తేల్చేది రామచంద్రయ్య.

రామచంద్రయ్య హైదరాబాదు పాతబస్తీ మనిషి. నిజాం కాలం నుంచి నక్షలు గీస్తున్నాడు. ముక్కు మీది కళ్లద్దాలకు ఒక వైపు కాడ లేదు, దారం కట్టుకుని చెవికి తగిలించుకునేవాడు. ఎవరు ఎంత తొందరపెట్టినా గరుకు కాగితం మీద పెన్సిలు మొన అరగదీసుకున్నాకే పనిలోకి దిగేవాడు. ఆయనకు ఒక్క భయమే ఉండేది. మందల వెంట వచ్చే కుక్కలు.

"కుక్కకు నక్షల గుర్తు లేదు గని," అనేవాడు, "ఉంటే మీ ఊరు మొత్తం గదే పెట్టి ఇస్తుంటి."

మొదటిరోజు ఐలేశం ముందు ఒక కుండ పెట్టాడు. పైన నలుపు, కింద ఎరుపు. ఐలేశం దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మధ్యాహ్నం కల్లా గీసి తెచ్చాడు. రామచంద్రయ్య కాగితాన్ని దూరంగా పట్టి చూశాడు.

"ఏందయ్యా గిది?"

"కుండ సార్."

"కుండనే. ఎవరింట్ల కుండ?"

"మీరిచ్చిందే సార్."

"నేనిచ్చినదానికి మూతి వంకర. ఎడమ పక్క పొట్ట లోపలికి నొక్కుకపోయింది. గీ కుండకు ఏ ఐబు లేదు. పెండ్లిచూపులకు తయారు చేసినట్టున్నవ్."

ఐలేశానికి తల కొట్టేసినట్టయింది. మళ్లీ గీశాడు. మళ్లీ మూతి సరిగ్గానే వచ్చింది. ఎడమ పక్క ఒక వంపు వస్తే కుడి పక్క దానికి జోడు వంపు వచ్చేదాకా అతని చెయ్యి ఊరుకోదు. పట్నంలో అలాగే ఉండాలి మరి.

రామచంద్రయ్య విసుక్కున్నాడు కానీ వదల్లేదు. కుండను మనసులోనే నిలువునా రెండుగా కోయడం నేర్పాడు. కాగితం మీద నడుమ ఒక గీత. గీతకు ఎడమన, కోసిన కుండ లోపలి గోడ ఎంత మందమో నల్లగా నింపి చూపాలి. కుడిన బయటి రూపు.

"పగలగొట్టకుంట లోపల మందం ఎట్ల తెలుస్తది సార్?"

"గీ వంకర కాళ్ల కాలిపర్సు దేనికున్నది? చెయ్యి పట్టనికాడ గిది పడ్తది. ముందు కొలువు, తర్వాత చూడు, ఆఖరుకు గియ్యి. నువ్వు ముందే గీస్తున్నవ్."

సీసపు తీగను కుండ ఒంటికి అద్ది, ఆ వంపును అలాగే తెచ్చి కాగితం మీద పెట్టి, దాని వెంట పెన్సిలు నడపడం నేర్పాడు. వెలుగు ఎప్పుడూ ఎడమ పై మూల నుంచే పడుతుందనుకుని, నీడ ఉన్న చోట చుక్కలు దగ్గరగా, వెలుగున్న చోట ఎడంగా పెట్టడం నేర్పాడు. చుక్కలు ఐలేశానికి వెంటనే వచ్చేశాయి. చిటికెతో పిండి వదిలిన వేళ్లు. వాటిని చూసిన రోజు రామచంద్రయ్య తన టీలో సగం సాసరులో పోసి అతని వైపు జరిపాడు.

రానిది ఒక్కటే. పెంకుల దగ్గర కష్టమయ్యేది. విరిగిన చోట పెన్సిలు ఆగాలి. అతని పెన్సిలు ఆగేది కాదు. విరుగు దాటి వంపు తనంతట తనే కిందికి జారి కుండ అయిపోయేది.

"పెంకు ఆగినకాడ నువ్వు గూడ ఆగాలె," అని రామచంద్రయ్య రబ్బరు చేతికిచ్చేవాడు. "మిగిలింది నీకేం తెలుసు? కుమ్మరోడు నీ సడ్డకుడా?"

సంక్రాంతి పోయి మాఘం వచ్చేసరికి పెంకుల దగ్గర కూడా ఆగడం వచ్చింది. ఆఫీసరు హైదరాబాదు పోతూ పోతూ, మూడో నంబరు గుడి నక్ష ఐలేశం ఒక్కడే గీయాలని, వచ్చే సోమవారం వచ్చి దాన్ని చూసి, రామచంద్రయ్యను అడిగి అతని సంగతి తేలుస్తానని చెప్పాడు. మొదటి రెండు గుళ్ల కొలతలు అప్పటికే అయిపోయాయి. వాటి మీద సమ్మెటలు పడుతున్నాయి. కంకర బండ్లు పొద్దస్తమానం రోడ్డు వైపు పోతున్నాయి.

మూడో గుడి అన్నిటిలో పెద్దది. తవ్విన నడిమి భాగంలో నాలుగు బండపలకలతో కట్టిన పెట్టె. దాంట్లో కుండలు, తుప్పుపట్టిన కత్తి, మనిషి బొక్కలు. ఐలేశం మూడుకాళ్ల బల్ల నిలబెట్టి, కూలీ లింగయ్యకు టేపు కొస ఇచ్చి, రాయి తర్వాత రాయి కొలుస్తూ చుట్టూ వచ్చాడు. పడమటి పక్కకు వచ్చాక ఆగాడు. అక్కడ రెండు రాళ్ల నడుమ రాయి లేదు. ఒక మనిషి కాళ్లు చాపి పడుకునేంత ఖాళీ. కింద రాయి పెట్టిన గుంత ఉందేమోనని గీకి చూశారు. గట్టి మొరం. ఏమీ తేల్లేదు.

"పట్టాల్నా?" అని లింగయ్య టేపు కొసతో ఆ ఖాళీ అంచున నిలబడ్డాడు.

"వద్దు తీ," అన్నాడు ఐలేశం. "తర్వాత చూద్దం."

డేరాలో బల్ల ముందు కూచుని పెన్సిలు గీతల మీద ఇంకుతో దిద్దుతున్నప్పుడు అతని పెన్ను ఆగింది. కాగితం మీదున్నది అచ్చం పట్నమే. నడుమ గద్దె ఉండాల్సిన చోట బొక్కలు. చుట్టూ రాళ్ల వరస. పడమటికి తెరిచి ఉంది. గీసింది తన చెయ్యి. ఇంట్లో గోపమ్మకు ఏడో నెల.

ఆ ఖాళీలో ఒక రాయి గీశాడు. పక్క రాళ్లను చూసి, వాటి ఈడుదే, వాటి వంటిదే. చుక్కలు పెట్టి నీడ వేశాడు. అప్పుడు గానీ అతని ఊపిరి సర్దుకోలేదు.

శనివారం మధ్యాహ్నం రామచంద్రయ్య నక్షను ముందు పరుచుకుని, కళ్లద్దాల దారం సవరించుకుని, తూర్పు నుంచి మొదలుపెట్టి వేలితో చుట్టూ వచ్చాడు. పడమట వేలు ఆగింది.

"గీయన ఎవరు?"

ఐలేశం దవాతు మూత బిగించాడు.

"కడమ రాళ్లన్ని మొరటుగున్నయ్. గీయన ఒక్కడు పెండ్లికొడుకు లెక్క కూసున్నడు. నడువు, చూసొద్దం."

ఇద్దరూ గుడి దగ్గరికి పోయారు. అవతల సమ్మెట దెబ్బలు వినిపిస్తున్నాయి. రామచంద్రయ్య ఆ ఖాళీలో నిలబడి, కిందికి చూసి, పక్కలకు చూసి, మళ్లీ ఐలేశాన్ని చూశాడు.

"ఏది రాయి? చూపియ్యి."

"లేదు సార్."

"మరెట్ల గీసినవ్? నిద్రల గీసినవా? ఇంకొకటి చెప్త ఇను. సోమారం సార్ వస్తడు. మంగళారం గీ రాళ్ల మీద సుత్తె పడ్తది. గప్పుడు గీ గుడి ఎట్లుండెనో చూడాలనుకున్నోనికి నీ కాయితం తప్ప ఇంకేం ఉండదు. వాడు నీ మాట నమ్ముతడు. నమ్మకేం చేస్తడు?"

ఐలేశం నేల వైపు చూస్తూ చెప్పుకొచ్చాడు. పట్నం సంగతి, చుట్టు సంగతి, గోపమ్మ సంగతి. నవ్వుతాడేమోనని భయపడ్డాడు. రామచంద్రయ్య నవ్వలేదు.

"ఎన్నో నెల?"

"ఏడు పడ్డది సార్."

"ఇంతకు ముంగట?"

"ఇద్దరు పోయిండ్రు."

రామచంద్రయ్య పక్కనున్న రాయి మీద కూచున్నాడు. కాసేపు కంకర బండ్లనే చూశాడు.

"నేను గీస్త తీ గా సందు," అన్నాడు చివరికి. "నాకు గీ పట్టింపు లేదు. గని అట్లయితే నక్ష నీది గాదు. సార్ అడిగితే నేను అబద్ధం చెప్ప. నువ్వు మంచిగ గీస్తవు, గియ్యలేని జాగ ఒకటున్నదని చెప్తా. గంతే చెప్తా."

"కాన్పు అయ్యేదాక ఆగరాదా సార్?"

"నేను ఆగుత. కంట్రాక్టరు ఆగుతడా?" ఆయన లేచి ధోవతి దులుపుకున్నాడు. "గిది వాకిలా, ఎవడన్న రాయి ఎత్తుకపోయిండా, మొదలే పెట్టలేదా, నాకు తెల్వదు. నీకు తెల్వదు. మనకు తెల్వదని చెప్పేటందుకే గా జాగ వదిలిపెట్టాలె. రాయి పెడితే తెలుసని చెప్పినట్టయితది."

సాయంత్రం ఐలేశం ఇంటికి పోయేసరికి కాటమయ్య అరుగు మీద కదురు తిప్పుతూ ఉన్ని వడుకుతున్నాడు. గోపమ్మ గడప పక్కన చేటలో జొన్నలు చెరుగుతోంది. ఐలేశం తండ్రి పక్కన కూచుని జరిగింది చెప్పాడు. గోపమ్మ వినకూడదని గొంతు తగ్గించాడు కానీ, చేట చప్పుడు ఆగిపోయింది.

"బొక్కల చుట్టు తెరిచిన గీతనా?" కాటమయ్య కదురు ఆపలేదు. "వద్దు బిడ్డ. గా నౌకరి లేకుంటే సస్తమా? మంద ఉన్నది. బండ్ల మీద పేర్లు రాసుకో. అడుక్కతినం గద."

"నేర్సుకున్న నాయిన. ఇన్ని దినాలు కష్టపడి నేర్సుకున్న."

"నేర్సుకుంటివి. బాగనే ఉన్నది. ఇడిసిపెట్టు."

"మామా," అంది గోపమ్మ. చేట కింద పెట్టి, నడుం పట్టుకుని లేచి వచ్చి దర్వాజాకు ఆనుకుని నిలబడింది. "ఒక్క మాట అడుగుత. పెద్దపిల్లగాడు పోయిన యేడు ఈయన ఏ గీత తెరిచిపెట్టిండు?"

కదురు ఆగింది.

"ఆడిపిల్ల పోయిన యేడు? గప్పుడు గీ డేరాలు గూడ లేకుండె. ఆ యేడు పట్నం నువ్వే ఏస్తివి. చుట్టు మంచిగనే మూస్తివి. నేను ఈన్నే కూసోని చూసిన."

కాటమయ్యకు కోపం రాలేదు. కోడలి మొహం చూడకుండా, చేతిలోని ఉన్నినే చూస్తూ అన్నాడు. "గందుకే బిడ్డ భయం. మూసినా పోయిండ్రు. తెరిస్తే ఇంకేమయితదో."

దొడ్డిలో ఒక మేకపిల్ల అరిచింది.

"నా భయం నాకున్నది," అంది గోపమ్మ. "పొద్దున లేస్తే ఉన్నది, పండుకుంటే ఉన్నది. మీ ఇద్దరి భయం గూడ తెచ్చి నా కడుపు మీద పెట్టకుండ్రి. పెండ్లం కడుపుతోని ఉన్నదని మొగడు పని చెడగొట్టుకున్నడని రేపు నలుగురంటరు. గది ఎవరు మొయ్యాలె? నేనా, లోపలున్నదా?"

ఆమె లోపలికి పోయింది. మళ్లీ చేట చప్పుడు మొదలైంది. మునుపటి కంటే గట్టిగా.

తెల్లవారి ఆదివారం. చిట్యాలలో అంగడి. కూలీలెవరూ పనికి రాలేదు. రామచంద్రయ్య కూడా సామాన్లకని అంగడికే పోయాడు. ఐలేశం టేపు తీసుకుని ఒక్కడే మూడో గుడి దగ్గరికి పోయాడు. గీసినా గీయకపోయినా ముందు కొలవాలి. ఆ ఖాళీ కొలత అతని దగ్గర లేనే లేదు. టేపు కొసను ఒక రాయి కింద అదిమిపెట్టి రెండో రాయి దగ్గరికి పోతే, గాలికి టేపు పొట్ట ఊగి కొస ఊడివచ్చింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ ఊడింది. మూడోసారి మీద ఇంకో రాయి పెడుతుంటే గొర్రెల బాటలో ఎవరో వస్తున్నట్టు కనిపించింది.

గోపమ్మ. నెత్తి మీద సద్దిమూట, చేతిలో కర్ర.

"నువ్వెందుకొచ్చినవే ఈడికి!" అని అతను పరుగున ఎదురుపోయాడు. "తెలివున్నదా నీకు? ఎవరన్న చూస్తే?"

"అందరు అంగడికి పోయిండ్రు. చూసేటోళ్లెవరు? రొట్టె మర్సిపోయినవ్, తెచ్చిన." ఆమె అతన్ని దాటుకుని గుడి వైపు చూసింది. పుట్టి బుద్ధెరిగాక దాన్ని ఇంత దగ్గరగా చూడడం అదే మొదలు. "గింతేనా? నేనేమో ఎంతుంటదో అనుకున్న. గొర్ల దొడ్డి లెక్కున్నది."

"దూరం నిలబడు."

"దొడ్డయితే వాకిలి ఉండొద్దా మరి? గది వాకిలేమో."

"వాకిలో కాదో తెల్వదు," అన్నాడు ఐలేశం. అనేశాక, ఆ మాట ఎవరిదో గుర్తొచ్చి ఆగాడు.

గోపమ్మ సద్దిమూట దింపింది. రాయి కింది నుంచి ఊడివచ్చిన టేపు కొస దుమ్ములో పడి ఉంటే కర్రతో పైకి లేపి అందుకుంది.

"గిది పట్టాల్నా?"

"నువ్వొద్దు. ఇంటికి పో."

"పట్టుకుంటె ఏమయితది? తెరిచి గీసేది నువ్వు. నేను గియ్య. వట్టిగ పట్టుకుంట."

అతను గొర్రెల బాట వైపు ఒకసారి చూశాడు. ఎండ పెరుగుతోంది. తర్వాత, "లోపలికి మాత్రం రాకు. బయటనే నిలబడు," అన్నాడు. "కొసను రాయి అంచుకు ఆనియ్యి."

"ఏడ? పైననా, కిందనా?"

"నడుమకు."

"ఎవరి నడుమకు? నాదైతే కనబడ్తలేదు."

అతనికి నవ్వు వచ్చింది. నవ్వకుండా టేపు విప్పుకుంటూ అవతలి రాయి దగ్గరికి పోయి మోకాలి మీద కూచున్నాడు. టేపు బిగించాడు. అంకె చూశాడు. చూస్తుండగానే అంకె జరిగింది.

"కదలకు."

"నేను కదల్లే."

మళ్లీ బిగించాడు. మళ్లీ టేపు అదిరింది. తలెత్తి కసిరాడు. "గోపమ్మా, జర నిమ్మలంగ పట్టుకోరాదే!"

"కదిలింది నేను గాదయ్యా," అంది గోపమ్మ. టేపు కొసను రాయి అంచుకు అదిమిపట్టిన ఆమె చెయ్యి పొట్టకు ఆని ఉంది.

ఐలేశం మోకాలి మీద అలాగే కూచుండిపోయాడు. టేపు ఒకసారి మెల్లగా ఉలిక్కిపడింది, అతని వేళ్లకు తెలిసింది. తర్వాత నిలకడగా నిలిచింది. అప్పుడు అంకె చదివాడు. ఒకసారి పైకి చదివాడు, చెవి మీది పెన్సిలు తీసి రాసుకున్నాడు. సరిచూసుకోవాలని ఇంకొకసారి కూడా కొలిచాడు.

ఇద్దరూ గుడికి దూరంగా తుమ్మచెట్టు నీడన రొట్టె తిన్నారు. పోతూ పోతూ గోపమ్మ, "మామకు చెప్పకు," అంది. కాస్త దూరం పోయి వెనక్కి తిరిగి, "చెప్తే గూడ ఏమనడు తీ," అంది.

మధ్యాహ్నం డేరాలో కొత్త ట్రేసింగు గుడ్డ పరిచి, నాలుగు మూలలా పిన్నులు గుచ్చి, నక్ష మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఖాళీకి ఉత్తరం పక్కనున్న రాయితో మొదలుపెట్టి, చుట్టూ తిరిగి, దక్షిణం పక్కనున్న రాయి దగ్గరికి వచ్చాడు. దాని నీడ చుక్కలు కూడా అయిపోయాయి. పెన్ను ఇంకా చేతిలోనే ఉంది. మొనలో ఇంకు నిండుగా ఉంది. ఎదురుగా తెల్లటి చోటు. చెయ్యి అటు పోబోయింది. పట్నం ముందు కూచున్నప్పుడు వెన్నులో ఉండే పోటు అలాగే వచ్చింది. అతను పెన్ను తీసి పాతపేలికకు తుడిచి, దవాతు పక్కన పెట్టి లేచాడు. కుండలో నీళ్లు ముంచుకుని తాగాడు. నీళ్లు సగం అంగీ మీద పడ్డాయి.

అంగడి నుంచి వచ్చిన రామచంద్రయ్య చేతిసంచి దించకుండానే నక్ష మీదికి వంగాడు. తూర్పు నుంచి వేలు చుట్టూ వచ్చింది. పడమటి ఖాళీ మీద ఆగింది. గాలిలోనే దాన్ని దాటి అవతలి రాయి మీద వాలింది. పాత నక్షను చుట్టి తన పెట్టెలో పడేశాడు.

"ఉత్తరం గుర్తు జర మోటుగొచ్చింది," అన్నాడు. "బాణమా, గునపమా? మార్సు." సంచిలోంచి పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. "వేయించిన పల్లీలు. మీ ఆడమనిషికియ్యి. కడుపుతోని ఉన్నోళ్లకు మంచియట, ఆ అమ్మినామె చెప్పింది. నాకేం తెల్వదు."

సోమవారం ఆఫీసరు వచ్చి నక్ష చూశాడు. ఆ ఖాళీ దగ్గర రెండు మూడు ప్రశ్నలు వేశాడు. కొలత అడిగాడు, గుంత ఉందా అని అడిగాడు. లేదన్నాడు ఐలేశం. "బాగుందయ్యా. సీజను ఆఖరున కాగితం పంపిస్తాను" అని సంతకం చేశాడు. మంగళవారం మూడో గుడి మీద సమ్మెటలు పడ్డాయి. వారం తిరక్కుండా అక్కడ ఎర్రమొరం దిబ్బ తప్ప ఏమీ మిగల్లేదు.

నౌకరి నిలబడింది. ఆ తర్వాతి పదేళ్లలో ఐలేశం కృష్ణ ఒడ్డున ముంపు ఊళ్లలో, పాలమూరు బీళ్లలో ఎన్నో డేరాల్లో కూచుని ఎన్నో నక్షలు గీశాడు. కానీ గోపమ్మకు నెలలు నిండే ఆ చైత్రం దాకా గడిపిన రోజులు మళ్లీ ఎప్పుడూ గడపలేదు. పొద్దున ఇంట్లోంచి బయలుదేరే ముందు గోపమ్మ మొహం చూసేవాడు. చూస్తున్నాడని ఆమెకు తెలియకూడదనుకునేవాడు. ఆమెకు తెలిసేది. "ఉన్న, పో," అనేది. కాటమయ్య రోజూ పొద్దుగూకే ముందు బీరప్ప గుడి దాకా పోయి వచ్చేవాడు, అంతే.

చైత్రం వచ్చింది, డేరాలు ఎత్తే రోజులు. ఐలేశం మూడో గుడిలో దొరికిన ఆ తుప్పుపట్టిన కత్తి బొమ్మ గీస్తున్నాడు. రామచంద్రయ్య ఎదురుగా పెట్టెల మీద నంబర్లు వేస్తున్నాడు. డేరా తెర ఎత్తి ఉంది. ఊరి బాటలో లింగయ్య రావడం ఇద్దరికీ కనిపించింది.

ఐలేశానికి అతని నడక కనిపించింది. మంచి కబురు తెచ్చేవాడు దూరం నుంచే కేకేస్తాడు. చావు కబురు తెచ్చేవాడు దగ్గరికి వచ్చేదాకా నోరు మెదపడు. లింగయ్య కేకేయలేదు. చెయ్యి ఊపలేదు. తల వంచుకుని, పొలం గట్ల మీద తొందరగా వస్తున్నాడు. ఐలేశం లేవబోయాడు. పెన్ను మొన నుంచి ఇంకు బొట్టు కత్తి బొమ్మ పక్కన పడింది. రామచంద్రయ్య చేతిలోని సుద్ద కింద పెట్టి, వచ్చి అతని భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఇద్దరూ అలాగే చూస్తున్నారు.

లింగయ్య డేరా ముందుకు వచ్చి, నోట్లోని బీడీ తీసి, చివరి పొగ వదిలి, నేల మీద వేసి తొక్కాడు.

"ఆడిపిల్ల," అన్నాడు. "ఇద్దరు బాగనే ఉన్నరు. పిల్ల చిన్నగున్నది గని గొంతు మస్తు పెద్దదున్నది. మంత్రసాని చెవులు మూసుకున్నది."

"ఓరి నీ పాడుగాను!" రామచంద్రయ్య అరిచాడు. "దూరం నుంచి మొత్తుకోవద్దా? గా బీడి ఇప్పుడే తాగాల్నా?"

"ఆరిపోతదని..." అని లింగయ్య నసిగాడు.

ఐలేశం ఇంటికి ఎలా పోయాడో అతనికి తెలియదు. అరుగు మీద కాటమయ్య గొంగడి కప్పుకుని కూచుని ఉన్నాడు. కొడుకును చూసి లోపలికి పొమ్మన్నట్టు గడ్డం ఎత్తాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

లోపల చీకటికి కళ్లు అలవాటు పడడానికి కొంత సేపు పట్టింది. గోపమ్మ గోడకు ఆనుకుని ఉంది. పక్కన పాతచీర మడతల్లో పిల్ల. ఐలేశం మోకాళ్ల మీద కూచుని వంగాడు. నుదురు, కనుబొమలు ఉండాల్సిన చోట సన్నని నూగు, మూసిన పిడికిళ్లు. ఎంతకీ లేవకుండా అలాగే చూస్తున్నాడు.

"ఏం చూస్తున్నవ్ గంత సేపు?" అంది గోపమ్మ.

"ఎడమ చెవి కొస మడతపడి ఉన్నది. కుడిది సక్కగున్నది."

"ఉంటే ఉండనియ్యి." ఆమె కళ్లు మూసుకుంది. "గా నల్ల చేతులు కడుక్కొనిరా ముందు. ఎత్తుకుందువు."

అతను లేచి నీళ్ల తొట్టి దగ్గరికి పోయాడు. ఇంకు ఒక పట్టాన పోలేదు. బూడిద వేసి తోముతూ నిలబడ్డాడు. లోపల పిల్ల మళ్లీ ఏడుపు అందుకుంది.